అద్దకం బల్లకు అవతలి మనిషి

ఇంట్లోనే స్క్రీన్ ప్రింటింగు మొదలుపెట్టాలంటే ఏమేం కొనాలని ఈమధ్య పిల్లలు నన్ను అడుగుతున్నారు. బరంపురంలో మా వీధి చివర కుట్టుపని నేర్పే కేంద్రం ఒకటుంది. అక్కడికి వచ్చే ఆడపిల్లలు, కాలేజీ చదువు ముగిసి ఏం చెయ్యాలో తోచని మగపిల్లలు సాయంత్రం పూట మా అరుగు దగ్గర ఆగుతారు. "తాతా, నువ్వు సూరత్‌ల సీరలకి రంగులేసినావంట కదా, మాకూ సెప్పవా?" అంటారు.

చెప్తాను. ఒక చట్రం, దానికి బిగించడానికి సన్నటి జాలీ గుడ్డ, రంగును లాగే రబ్బరు పలక, రంగు, మెత్తటి బల్ల. ఇప్పుడైతే ఫోనులో నొక్కితే ఇవన్నీ ఒకే పెట్టెలో ఇంటికి వచ్చేస్తాయట. సంతోషం. నాకు మాత్రం అలా రాలేదు. ఒక్కొక్క వస్తువు కోసం ఒక్కొక్క గుమ్మం ఎక్కాను. నేను వాటిని సేకరించింది వ్యాపారం కోసం కూడా కాదు. మంచాన పడ్డ మనిషిని లేపడానికి. ఆ సంగతి కూడా చెప్పమంటే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. సూరత్‌లో నేను ముప్ఫై ఏళ్ళకు పైగా చీరల అద్దకం మిల్లులో ఉన్నాను. ఒడిశాలోని మా గంజాం జిల్లా నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు కోకొల్లలు. మిల్లులో పొడవాటి బల్లల మీద తెల్లచీరను ముడత లేకుండా అంటిస్తారు. చట్రానికి ఇటు ఒకడు, అటు ఒకడు నిలబడాలి. చట్రంలో రంగు పోసి, రబ్బరు పలకతో నేను నా వైపు నుంచి సగం దాకా తోస్తాను. అవతలివాడు అక్కడ అందుకుని తన అంచు దాకా లాగుతాడు. తిరిగి అతను తోస్తే నేను అందుకుంటాను. ఆ తర్వాత "ఉఠా" అని ఒకరు అరిస్తే ఇద్దరం ఒక్కసారే చట్రం ఎత్తి, పక్కకు జరిపి దించాలి. ఒకడు రెప్పపాటు వెనకబడ్డా చీర పాడవుతుంది. అందుకే అక్కడ ఎదురుబొదురుగా నిలబడే ఇద్దరినీ కలిపి జోడీ అంటారు. జోడీలో ఒకడికి జ్వరం వస్తే రెండోవాడికీ పని ఉండదు.

నా జోడీది పురుషోత్తంపూర్ పక్క పల్లె. మాలాగే తెలుగు ఇల్లు, వ్యవసాయం కుటుంబం. నాకంటే చిన్నవాడు. నేను అతన్ని బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనేవాడు. ఏ చుట్టరికమూ లేదు, పిలుచుకోగా పిలుచుకోగా అదే చుట్టరికమైంది.

అతనికి చేతులతో సమానంగా నోరూ ఆడేది. నేను మాట తక్కువ మనిషిని. బల్లకు అవతలి నుంచి పొద్దున్న మొదలుపెడితే బజారు సంగతులు, మెస్సులో పప్పు నీళ్ళగా ఉన్న సంగతి, ఊళ్ళో వంగతోట, కొమ్ము విరిగిన గేదె, అన్నీ చెప్పేవాడు. ఆ ఊరికి నేనెప్పుడూ వెళ్ళకుండానే అక్కడ ఏ మలుపు దగ్గర బురద ఉంటుందో నాకు తెలిసిపోయింది. ఒకసారి కథ మంచి పట్టులో ఉండగా మేమిద్దరం చట్రాన్ని అంగుళం పక్కకు దించేశాం. బల్ల పొడవునా ఉన్న చిలకలన్నింటికీ రెండేసి ముక్కులు వచ్చాయి. సూపర్‌వైజరు మమ్మల్ని గుజరాతీలో తిట్టి, మాకు సరిగా అర్థం కాలేదేమోనని హిందీలో మళ్ళీ తిట్టాడు. ఆ రెండు ముక్కుల చిలకల చీరలే అందరికంటే ముందు అమ్ముడుపోయాయని తరవాత బావ ప్రచారం చేశాడు. నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు.

రోగం దేశమంతటా తలుపులు మూయించినప్పుడు మేమిద్దరం ఒకే రైల్లో ఇంటికి వచ్చాం. కొన్నాళ్ళకు మిల్లు నుంచి ఫోను వచ్చింది. కొత్త మెషిన్లు పెట్టారు, బల్లలు ఎత్తేశారు, మీరు రానక్కర్లేదు అన్నారు. అదే మా పదవీ విరమణ. శాలువా లేదు, సభ లేదు, ఫోనులో కూడా అవతలివాడికి తొందరగా ఉంది. నాకు వయసైపోయింది కనుక సరే అనుకున్నాను. బావకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. రోజూ ఫోను చేసి, "బావా, మెషిను మన లాగ లాగ్గల్దా? సెప్పు, లాగ్గల్దా?" అని అడిగేవాడు.

తర్వాత ఒక పొద్దున ఫోను అతను చెయ్యలేదు, వాళ్ళావిడ చేసింది. బావకు పక్షవాతం. బరంపురం పెద్దాసుపత్రికి తెచ్చారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి పూర్తిగా, కుడికాలు సగం పడిపోయాయి. నోట్లో మాట కూడా చిక్కుపడిపోయింది. అన్నీ అర్థమవుతాయి, తిరిగి చెప్పబోతే మాట గొంతులోనే తెగిపోతుంది. చెయ్యి పోయినందుకంటే దానికే అతను ఎక్కువ కుంగిపోయాడని నాకనిపించింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మా ఇంటినుంచి అన్నం పట్టుకెళ్ళేవాణ్ణి. నా జన్మలో మొదటిసారి ఇద్దరిలో నేనే మాట్లాడాల్సి వచ్చింది. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

వాళ్ళ ఊరు చేరాక చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళావిడ నన్ను వాకిట్లోనే ఆపింది.

"అన్నియ్యా, డాకటరు బంతిచ్చి పొద్దూ మాపూ నొక్కమన్నాడు. ఇసిరి కొట్టీసినాడు. నడవమంటే నడవడు. పలకరిస్తే గోడకేసి తిరిగిపోతాడు. మనిసి మంచం మీదే ఉన్నాడు గానీ ఇంట్లో నేడు."

లోపలికి వెళ్ళేసరికి బావ మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. అప్పుడు చూశాను. అతని ఎడమచెయ్యి మంచం పట్టె మీద ఉంది. నిద్రలోనే ఆ చెయ్యి ముందుకు పోతోంది, ఆగుతోంది, వెనక్కు వస్తోంది. ముందుకు, ఆగి, వెనక్కు. ఇల్లాలికి అది నరాల వణుకులా కనిపించి ఉంటుంది. నాకు అది ఏమిటో తెలుసు. ముప్ఫై ఏళ్ళు దానికి ఎదురుగా నిలబడ్డాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను, బావ చేత రంగు లాగిస్తానని.

"నీకేటైనా మతి పోనాదా? సెయ్యి కదల్ని మనిసి సేత రంగు లాగిస్తావా?"

"కదల్నిది కుడిసెయ్యి. ఎడంసెయ్యి నిద్దట్ల గూడా లాగుతున్నాది. నాను సూసినాను."

"మరయితే ఇక్కడ కూకున్నావేటి? ఎల్లు, సామాన్లు తే" అంది.

అక్కడ మొదలైంది నా అవస్థ. ముప్ఫై ఏళ్ళు స్క్రీను పట్టుకుని బతికానే గాని, స్క్రీను తయారుచెయ్యడం నాకు రాదు. మిల్లులో ఆ పని వేరే గదిలో జరిగేది. జాలీ బిగించి, బొమ్మ తీసి, సిద్ధంగా ఉన్న చట్రం మా చేతికిచ్చేవాళ్ళు. అన్నం వండి వడ్డిస్తే తినడమే తెలిసినవాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టినట్టయింది నా పని.

మొదటి చట్రం నేనే కొట్టాను, చవకరకం మామిడి చెక్కతో. తెల్లవారేసరికి అది మెలితిరిగి, నేల మీద పెడితే మూడు మూలలే ఆనాయి. దాన్ని పట్టుకుని మా పేట వడ్రంగి దగ్గరికి వెళ్తే అతను నవ్వలేదు. చూసి, పక్కన పడేసి, కూల్చిన పాత ఇంటి ద్వారబంధం ముక్కలు తీశాడు.

"ఇది ఎప్పుడో ఎండవలసిన ఎండంతా ఎండీసిన టేకు. ఇంకెక్కడికీ తిరగదు. రేపొచ్చి అట్టుకెల్లు" అన్నాడు. ఆ చట్రం మూలలు ఇన్నేళ్ళకూ కదల్లేదు.

జాలీ గుడ్డ కోసం పెద్దబజారులో బట్టల కొట్టుకు వెళ్ళాను. తరాలుగా ఇక్కడ స్థిరపడ్డ తెలుగు షావుకార్ల కొట్టు అది. గల్లా దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంటుంది. దోమతెర గుడ్డ చూపించమన్నాను, చూపించింది. కన్నాలు పెద్దవి. తెర గుడ్డ అన్నాను. అదీ కాదు. ఒక్కొక్కటీ వీధి గుమ్మంలోకి తీసుకెళ్ళి వెలుతురుకు ఎత్తి చూస్తుంటే ఆవిడకు అనుమానం వచ్చింది.

"ఏటి బాబూ, గుడ్డ కావాలా, గుడ్డలోంచి సూరీడు కావాలా?"

చెప్పాను. జోడీ గురించి, చెయ్యి గురించి, మొత్తం చెప్పాను. అంత మాట్లాడగలనని నాకే తెలియదు. ఆవిడ గల్లా వదిలి లేచి, లోపలి బీరువా నుంచి బిరుసుగా, గాజులా మెరిసే ఆర్గంజా తాను ఒకటి తెచ్చింది. వెలుతురుకు ఎత్తాను. సన్నగా, సమంగా, గట్టిగా ఉంది. వేలితో లాగితే వదులవలేదు. "ఇదే తల్లీ" అన్నాను. ఆవిడ కత్తెర తెప్పించి, నేను అడిగినదానికంటే ఎక్కువే కోసింది. "మొదట్ది సినిగిపోతాది. పని నేర్సుకున్నోల్లెవరికైనా మొదట్ది సినిగిపోతాది" అంది. అలాగే చిరిగింది కూడా. బిగించేటప్పుడు మేకు దగ్గర పట్టు తప్పింది.

రబ్బరు పలక ఎక్కడా దొరకలేదు. ఫ్లెక్సీ బ్యానర్లు వేసే దుకాణాలన్నింట్లో అడిగాను. కుర్రవాళ్ళకు ఆ వస్తువేమిటో తెలియదు. చివరికి ఒక దుకాణం యజమాని, నడివయసు మనిషి, అడగ్గానే తలెత్తి చూశాడు. వాళ్ళ నాన్న కాలంలో బ్యానర్లు చేత్తోనే అచ్చు వేసేవారట. స్టూలు వేసుకుని అటక మీద వెతికి, పాత గోనెసంచి కిందకు దించాడు. అందులో మూడు పలకలు, పిడి నున్నబడిపోయి ఉన్నాయి. ఒకటి తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఇస్తాడా ఇవ్వడా అన్నట్టు కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

"నాన్నవి. ఇక్కడుంటే ఎలకలు కొరుకుతాయి. మీరయితే వాడతారు" అని సంచి మొత్తం నా చేతిలో పెట్టాడు.

రంగు తేలిగ్గానే దొరికింది. పట్టుచీరలు నేసే వీధిలో రంగుల కొట్టాయన గుడ్డ మీద అచ్చుకు పనికొచ్చే ముదురు కుంకుమ రంగు, దాన్ని గుడ్డకు పట్టి ఉంచే జిగురు ఇచ్చాడు. ఇస్తూ ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. "ఎండన జాలీ మీద ఆగనీకు. ఆరిందంటే రాయయిపోతాది. స్క్రీను పారెయ్యడమే."

ఇక మిగిలింది జాలీ మీద బొమ్మ తియ్యడం. పెళ్ళికార్డులు అచ్చువేసే ఒక ఒడియా పెద్దమనిషి పాత సందులో ఇంకా చేతిపనితోనే నెట్టుకొస్తున్నాడని ఫ్లెక్సీ ఆయనే చెప్పాడు. వెళ్ళి అడిగితే, "హఉ, చేద్దాం. బొమ్మ ఏది?" అన్నాడు. నా దగ్గర బొమ్మ లేదు. అన్నీ సమకూర్చుకుని అసలుది మరిచిపోయాను! ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ నవ్వి, వాకిట్లో తాను రోజూ వేసే గుమ్మడిపువ్వు ముగ్గును పలచటి కాగితం మీద నల్లసిరాతో దిద్ది ఇచ్చింది.

ఆయన చీకటిగదిలో జాలీకి మందు పూసి, ఆరబెట్టి, మేడ మీదికి తెచ్చాడు. జాలీ మీద కాగితం, దాని పైన గాజుపలక. ఎండ తగిలిన చోట మందు గట్టిపడుతుంది, సిరా నీడ పడ్డ చోట మెత్తగా ఉండి నీళ్ళతో కడిగితే పోతుంది. అప్పుడు అక్కడి నుంచే రంగు దిగుతుంది. మొదటిసారి ఎండ ఎక్కువైంది, ఎంత కడిగినా పువ్వు విచ్చుకోలేదు. రెండోసారి మబ్బు పట్టి మందంతా కారిపోయింది. మూడోసారి నేను గాజు తియ్యబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని "రొహ, రొహ" అన్నాడు, ఆగు ఆగు అని. తన నోట్లో ఏదో లెక్క గొణుక్కుని, అప్పుడు తీశాడు. నీళ్ళు పొయ్యగానే ఒక్కొక్క రేకే తెరుచుకుంటూ మా ఇంటి ముగ్గు జాలీలో బయటపడింది. ఇద్దరం ముసలాళ్ళం మేడ మీద చప్పట్లు కొట్టాం. పక్కమేడ మీద వడియాలు పెడుతున్న ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది.

చట్రం, రంగు డబ్బా, రబ్బరు పలకలు, దుప్పటి, తెల్ల తువ్వాళ్ళు పట్టుకుని పొద్దున బస్సెక్కి బావ ఊరు చేరాను. అతని ఇంటి వసారాలో వాళ్ళావిడా నేనూ కలిసి గేదెల శాల తలుపు ఊడదీసి, కడిగి, రెండు బెంచీల మీద పరిచాం. దాని మీద గోనె, గోనె మీద దుప్పటి, దుప్పటి మీద ముడతలు లేకుండా బిగించిన పాతచీర. బల్ల తయారైంది. బావ మంచం వసారాలోనే ఉంది. మేం చేస్తున్నదంతా చూస్తున్నాడు.

రబ్బరు పలక తీసుకెళ్ళి అతని ఎడమచేతిలో పెట్టాను. "బావా, లే. సాలా దినాలయింది" అన్నాను.

పలకను ఒకసారి చూశాడు. మరుక్షణం అది వాకిట్లో పడింది. "ఎల్లు" అన్నాడు. ఆ ఒక్కమాటా బాగానే వచ్చింది. గోడకు తిరిగి పడుకున్నాడు.

నాకు బస్సెక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. నిజమే కదా. చెయ్యి పడిపోయిన పనివాడి ముందు పనిముట్టు తెచ్చి పెట్టడం ఓదార్పో, వెక్కిరింతో నాకు మాత్రం తెలుసా? వాళ్ళావిడ వాకిట్లోకి వెళ్ళి పలక తెచ్చి, కడిగి, తుడిచింది.

"అన్నియ్యా, ఇంత దూరం మోసుకొచ్చినావు. ఒక్క తువ్వాలయినా ఎయ్. నాను అటేపు నిలబడతాను."

సరేనని తువ్వాలు పరిచి, చట్రం దించి, రంగు పోశాను. నేను సగందాకా తోశాను. ఆమె అందుకోబోయింది. పలక వంకర తిరిగి రంగంతా ఒక పక్కకు పోయింది. మళ్ళీ తోశాను. ఈసారి ఆమె ఎక్కువ నొక్కింది. చట్రం జరిగిపోయింది. జరగకుండా నేను ఒక చేత్తో చట్రాన్ని అదిమి పట్టుకున్నాను. అది వేసవి. వసారాలోకి వడగాలి కొడుతోంది. చూస్తుండగానే జాలీ అంచున రంగు మెరుపు తగ్గి మసకబారింది. ఆరిపోతోంది.

"నీల్లు! సెల్లీ, నీల్లు తే, బేగి!"

ఆమె నూతి దగ్గరకు పరుగెత్తింది. నేను చట్రం వదిలితే తువ్వాలు అంటుకుని లేస్తుంది, వదలకపోతే ఒక్కణ్ణే ఆ పక్కకు లాగలేను. రంగుల కొట్టాయన మాట చెవిలో మోగుతోంది. ఆ జాలీలో షావుకారమ్మ గుడ్డ ఉంది, వడ్రంగి టేకు ఉంది, పెళ్ళికార్డులాయన మూడు ఎండలు ఉన్నాయి. అన్నీ నా కళ్ళముందే రాయైపోతున్నాయి.

మంచం కిర్రుమంది. తలెత్తాను. బావ లేచి కూర్చున్నాడు. జాలీ వైపే చూస్తున్నాడు. ఎడమచేత్తో వసారా రాట పట్టుకుని నిలబడ్డాడు. కుడికాలు ఈడ్చుకుంటూ ఒక అడుగు, మళ్ళీ ఒక అడుగు. పడిపోతాడేమోనని భయమేసింది, కాని చట్రం వదల్లేను. వచ్చి బల్లకు అవతలివైపు పొట్ట ఆనించి నిలబడ్డాడు. ఎడమచెయ్యి చాపాడు. మాట లేదు, చూపు ఒక్కటే: తొయ్యి.

తోశాను. సగంలో అందుకున్నాడు. లాగాడు. వంకరగా లాగాడు, కాని ఆగకుండా అంచుదాకా లాగాడు. వెనక్కు తోశాడు. నేను అందుకున్నాను. జాలీలో రంగు మళ్ళీ తడిగా మెరిసింది. ఇంకొకసారి. అతని నుదుటి మీద చెమట బొట్లు బల్ల మీద పడుతున్నాయి. పెదవులు ఏదో మాటకోసం పెనుగులాడుతున్నాయి. నేను పలక ఆపి ఎదురుచూశాను.

"ఉ... ఉఠా!"

ఎత్తాం. నేను రెండు చేతులతో, అతను ఒక్కచేత్తో. చట్రం అతని వైపు కొంచెం వాలింది, అంతే. కింద తువ్వాలు మీద గుమ్మడిపువ్వు ఒక రేకు మసకగా, తక్కినదంతా నిండుగా ఉంది. నీళ్ళ బిందెతో పరుగెత్తుకొచ్చిన వాళ్ళావిడ వాకిట్లోనే ఆగిపోయింది. బిందె దించడం మరిచి అలాగే నిలబడింది. బావ ఆ పువ్వును వంగి చూసి, మొహం చిట్లించి, నావైపు తిరిగాడు.

"బా...గో నేదు" అన్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బాగోలేదనడానికి ఆ మనిషి తిరిగి వచ్చేశాడు. "ఇంకోటి ఏద్దాం" అన్నాను. అన్నం వేళ దాటేదాకా వేశాం. వాళ్ళావిడ మేం వదిలిన చట్రాన్ని కడగడం, తువ్వాళ్ళు దండెం మీద వెయ్యడం చేసింది. మసక పువ్వు ఉన్నది ఆమె ఎవరికీ ఇవ్వనని మడతపెట్టి దాచుకుంది.

అలా అని ఒక్కరోజులో అంతా నయమైపోయిందని అనుకోకండి. కుడిచెయ్యి ఈరోజుకీ రాలేదు. ఎడమచేత్తో గీత తిన్నగా రావడానికి వానాకాలం దాటింది. ఈలోగా మేమిద్దరం పోట్లాడుకున్నన్ని సార్లు సూరత్‌లో ఎప్పుడూ పోట్లాడుకోలేదు. నేను అతనికోసం నెమ్మదిగా తోస్తే కోప్పడేవాడు. మామూలుగా తోస్తే అందుకోలేక ఇంకా కోప్పడేవాడు. తిట్లకు మాటలు కావాలి కనుక మాటలు కూడబలుక్కున్నాడు. డాక్టరు చూసి, ఏ వ్యాయామం చేయించారని అడిగితే వాళ్ళావిడ, "బాబూ, మా అన్నియ్య మీద అరిసే యాయామం" అంది. డాక్టరు నవ్వి, అదే కొనసాగించమన్నాడు.

షావుకారమ్మకు ఒక తువ్వాలు తీసుకెళ్ళి ఇచ్చాను, కృతజ్ఞతగా. ఆవిడ దాన్ని కొట్టులో వేలాడదీసింది. ఎవరో పెళ్ళివారు చూసి, బంధువులకు పంచడానికి అలాంటివే కావాలన్నారట. అలా పని వచ్చింది. బావ కోడలు, పెద్ద చదువు లేని పిల్లే, రంగు కలపడం పట్టుకుంది. మొదట అత్తగారు కడుగుతుంటే చూసేది, తరవాత కొత్త బొమ్మలు తనే గీసేది. వసారా చాలక గేదెను వేరేచోటికి మార్చి శాలలో బల్ల వేశారు. నేను వారంలో కొన్నాళ్ళు బస్సులో వెళ్ళి, నా వైపు నిలబడి వచ్చేవాణ్ణి. నా ఉద్యోగం మళ్ళీ మొదలైందన్నమాట.

అది ముగిసిన తీరు కూడా చెప్పాలి. కిందటేడు నేను వేసిన తువ్వాళ్ళలో పువ్వుల వరస పక్కకు ఒరిగింది. మరునాడు కూడా ఒరిగింది. బావ చట్రం మీద చెయ్యి వేసి ఆపాడు.

"బావా... నీ కల్లు... పోనాయి. దిగు."

"శుక్లం. ఆపరేషను సేయించుకుంటాను."

"సేయించుకో. అంత...వరకూ... కోడలు లాగుతాది."

చేయించుకున్నాను. కళ్ళు బాగా కనిపిస్తున్నాయి. తిరిగి వెళ్ళి చూస్తే, ఆ బాగుపడ్డ కళ్ళకు ముందుగా కనిపించింది ఆ పిల్ల నాకంటే బాగా లాగుతోందనే. మామా కోడలూ మాటా పలుకూ లేకుండా చట్రం ఎత్తి దించుతున్నారు. బావ నావైపు చూశాడు. నేను అతనివైపు చూశాను. వెళ్ళి తువ్వాళ్ళు మడతపెడుతూ కూర్చున్నాను. మిల్లువాళ్ళు నన్ను ఫోనులో మానిపించారు. బావ నా ఎదురుగా నిలబడి మానిపించాడు. ఈ రెండో విరమణే నాకు గౌరవంగా అనిపించింది.

ఆ సాయంత్రం వంకాయ కూరతో అన్నం పెట్టి, బస్సు దాకా తనే వస్తానన్నాడు. ఎంత వద్దన్నా వినలేదు. కర్రా, కాలూ ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు. బరంపురం బస్సు నిండా జనం. కండక్టరు నన్ను లోపలికి లాగి, విజిలు నోట్లో పెట్టుకున్నాడు. బావ కర్ర చంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో తలుపు కమ్మీ పట్టుకున్నాడు.

"రొహ" అన్నాడు కండక్టరుతో.

తర్వాత ఒడియాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మాటకూ ఆగుతున్నాడు. ఇంజను చప్పుడులో వినపడటం లేదు. వెనక సీట్లలో ఎవరో విసుక్కున్నారు. కండక్టరు విజిలు నోట్లోంచి తీసి, డ్రైవరుకు చేత్తో సైగ చేశాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి, ఇంజను ఆపేశాడు. బస్సంతా నిశ్శబ్దమైపోయింది.

"ఈయన... నా జోడీ. ముప్ఫై ఏళ్ళు... నిలబడే పని... చేశాడు. ఈయన్ని... కూర్చో...బెట్టండి."

ముందు సీట్లో ఒకాయన అప్పటికే లేచి నిలబడ్డాడు. బావ నేను కూర్చునేదాకా చూసి, అప్పుడు కమ్మీ వదిలాడు.